పొలంగట్టు మాట ఇంగ్లీషు నిఘంటువు దాకా

(కడపలో చేసిన సి.పి. బ్రౌన్ స్మారకోపన్యాసం పాఠం)



బ్రౌన్ దొర పేరు మీద మాట్లాడమంటే వేమన గురించో, ఆయన ఎత్తి రాయించిన తాళపత్రాల గురించో మాట్లాడటం ఆనవాయితీ. వాటి మీద నాకంటే బాగా చెప్పగలవారు ఈ ఊళ్ళోనే ఉన్నారు. నేను ఒకే ఒక్క మాటను పట్టుకుని వచ్చాను. అది గ్రంథాల్లో పుట్టిన మాట కాదు, రాజాస్థానాల్లో తిరిగిన మాటా కాదు. చేను గట్టున, కళ్ళం పక్కన, గాదె కింద పుట్టిన మాట. పందికొక్కు.

ఇంగ్లీషువాళ్ళు దాన్ని బ్యాండికూట్ అంటారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదలుకుని బడిపిల్లల చిన్న నిఘంటువు వరకు ఏది తెరిచినా ఆ మాట దగ్గర మూలభాష తెలుగు అనే ఉంటుంది. ఇంగ్లీషులోకి భారతీయ భాషల నుంచి వందల మాటలు వెళ్ళాయి. వాటిలో హిందుస్తానీవి ఎక్కువ, తమిళ మలయాళాలవి తక్కువేమీ కాదు. నేరుగా తెలుగు పేరు మీద నిలిచినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దిపాటిలో నిస్సందేహంగా మనదని చెప్పదగ్గ మాట ఇది. అందుకే దీని పుట్టుక, పయనం కాస్త నిదానంగా చూద్దామని నా కోరిక.

ఈ మాట ఇప్పుడు ఎక్కడెక్కడ ఉందో ముందు చూడండి. సిడ్నీ నగరంలో ఒక బడిపిల్లను అడిగితే బ్యాండికూట్ అంటే రాత్రిపూట పెరట్లో ముక్కుతో నేలను గుచ్చి పురుగులు ఏరుకునే, పొట్ట సంచిలో పిల్లల్ని మోసే చిన్న జంతువని చెబుతుంది. 1996లో వచ్చిన ‘క్రాష్ బ్యాండికూట్’ అనే వీడియో ఆట ద్వారా ఆ పేరు జపాన్ నుంచి అమెరికా దాకా పిల్లలందరి నోళ్ళలో పడింది. మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించకుండా మురుగు తీసే యంత్రం ఒకటి 2018లో తిరువనంతపురంలో పనిలోకి దిగింది. దాన్ని చేసిన యువ ఇంజనీర్లు పెట్టిన పేరు బ్యాండికూట్. జంతుశాస్త్రంలో ఈ ఎలుకల ప్రజాతి పేరే బ్యాండికోటా. అంటే లాటిన్ తొడుగు వేసుకున్న మన పందికొక్కే.

అది తెలుగే అనడానికి రుజువు ఏమిటని విద్యార్థులు అడగాలి. అడిగితేనే శాస్త్రం. రుజువు మన ఇరుగుపొరుగు భాషల్లోనే ఉంది. ఈ జంతువును తమిళులు పెరుచ్చాళి అంటారు. మలయాళంలోనూ దాదాపు అదే మాట. కన్నడిగులు హెగ్గణ అంటారు. మరాఠీ, హిందీ భాషల్లో ఘూస్ అంటారు. వీటిలో ఏ ఒక్కటీ బ్యాండికూట్‌కు దగ్గరగా కూడా రాదు. ఇక మాటను రెండు ముక్కలు చేసి చూడండి. పంది అనే మాట దక్షిణాది భాషలన్నింటికీ ఉమ్మడి సొత్తు. కానీ తమిళంలో అది పన్ఱి, వాడుకలో పన్ని. మలయాళంలో పన్ని. కన్నడంలో పాత పకారం హకారమైపోయి హంది అయింది. పెదవులతో పలికే పకారమూ, నకారం పక్కన దకారమూ రెండూ చెడకుండా నిలిచినది ఈ నాలుగు భాషల్లో నేటి తెలుగులోనే. ఇంగ్లీషు మాటలోని ‘బ్యాండి’ ఆ రెండింటినీ మోసుకుపోయింది. పక్కనున్న భాషలన్నీ వేరే పేరు పెట్టుకోవడం, పంది రూపం తెలుగుదే కావడం, ఈ రెండూ కలిస్తే ఇక వాదానికి చోటు లేదు.

పకారం బకారం ఎలా అయిందంటే, అది ఇంగ్లీషు చెవి చేసిన పని. ఇంగ్లీషువాడు మాట మొదట పకారాన్ని కొంచెం ఊపిరి జోడించి, మన ఫకారానికి దగ్గరగా పలుకుతాడు. మనం ఊపిరి లేకుండా పలికే పకారం అతని చెవికి బకారంలా తగులుతుంది. చివరి ఉకారం రాలిపోవడం సహజమే, అజంతమైన మన మాటలు ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు తోక కోల్పోవడం మామూలు. కొక్కు చివర కకారం టకారం ఎందుకైందన్నది మాత్రం ఆలోచించవలసిన సంగతి. ఒకే మాటలో రెండు కకారాలు దగ్గర దగ్గరగా వస్తే ఒకదాన్ని మార్చుకోవడం చాలా భాషల్లో ఉంది. దానికి తోడు ఇంగ్లీషులో కూట్ అనే నీటిపక్షి పేరు ముందునుంచీ ఉంది. తెలియని మాటను తెలిసిన మాటకు ముడివేసి పలకడం జనం అలవాటు. ఈ రెండూ కలిసి పనిచేశాయని నా ఊహ.

ఇంగ్లీషువాళ్ళు ఈ మాటను ఎక్కడ విని ఉంటారు? 1611లో మచిలీపట్నంలో వాళ్ళ వర్తకశాల వెలిసింది. 1639లో మద్రాసు చోటు దొరికింది. రెండుచోట్లా గిడ్డంగులు, ధాన్యం, వాటి వెంట ఈ జంతువూ ఉన్నాయి. మద్రాసులో తొలినాళ్ళ నుంచీ తెలుగువాళ్ళు దుబాసీలుగా, బంట్రోతులుగా, వర్తకులుగా ఉన్నారు. అప్పట్లో మన భాషను ఇంగ్లీషువాళ్ళు జెంటూ అనేవారు. 1816లో అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణం పేరులో కూడా ఆ మాట ఉంది. సరుకు మూటలు కొరికేసిన జంతువు పేరేమిటని దొర అడిగితే, పక్కనున్న జెంటూ మనిషి తన భాషలో చెప్పి ఉంటాడు. ఇంగ్లీషు అచ్చులో ఈ మాటకు నిఘంటువులు చూపే తొలి ఆధారం 1789 నాటిది. ఇన్స్ మన్రో అనే సైనికాధికారి హైదరాలీతో జరిగిన యుద్ధాల గురించి రాసిన పుస్తకం అది. ఆయన కథ 1780 నుంచి 1784 దాకా నడుస్తుంది. అప్పటికి మన కడప నవాబు రాజ్యం హైదరాలీ చేతికి చిక్కి ఉంది. మన్రో ఈ జంతువును కంపుకొట్టే చుంచుతో కలగలిపేశాడు, జంతువును సరిగా గుర్తించలేదు. పేరు మాత్రం పట్టుకున్నాడు.

ఈ కాలక్రమం మన సీమ విషయంలో ఒక జాగ్రత్త చెబుతుంది. నిజాం మన జిల్లాలను కంపెనీకి వదులుకున్నది 1800లో. కర్నూలు నవాబు రాజ్యం పోయింది 1839లో. కాబట్టి మాట ఇంగ్లీషులో అడుగుపెట్టింది కడప, కర్నూలు గడపల మీదుగా కాదు, కోస్తా రేవుల మీదుగా. ఇది చెప్పడానికి మనం సంకోచించనక్కరలేదు. మాట ఏ రేవులో ఓడెక్కినా అది రెండు ప్రాంతాలకూ ఒకటే.

అయితే ఆ మాటలో ఉన్న అనుభవం మాత్రం సీమకు ఎంతో దగ్గరిది. కర్నూలు–కడప (కె.సి.) కాలువ కింద వరి వేసే రైతును అడగండి. ఈ జంతువు తేమ నేలను కోరుకుంటుంది. గట్టు లోపల తొలుస్తుంది. తవ్విన మన్ను బయటికి నెట్టి, బొక్క నోరు లోపలి నుంచి మూసేసుకుంటుంది. రాత్రి తడి కట్టిన మడి తెల్లవారేసరికి ఎండిపోయి ఉంటే, రైతు ముందు వెతికేది ఆ గట్టులోని తాజా మట్టి కుప్ప కోసమే. చెరువు కట్టల గురించి చెప్పనే అక్కర్లేదు. చెనిక్కాయ చేలల్లో, నంద్యాల వైపువాళ్ళు బుడ్డలంటారే ఆ పంటలో, కాయ ఊరే రోజుల్లో దీని పని మొదలవుతుంది. పూర్వం జొన్నలు పోసిన పాతర్ల పక్కన కూడా ఇదే కాపు కాసింది. జింక్ ఫాస్ఫైడ్ కలిపిన ఎరలు రాకముందు బుట్టలు పెట్టేవాళ్ళు, కుండలో గడ్డి వేసి నిప్పంటించి బొక్కలోకి పొగ ఊదేవాళ్ళు. ఇప్పటికీ ఆ నేర్పు యానాదుల చేతిలో ఉంది. రెచ్చగొడితే వీపు మీది గట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. ఎలుకల్లో పంది ఇదే అని పేరు పెట్టినవాడు దాన్ని ఎంత దగ్గరగా చూశాడో ఆ పేరే చెబుతుంది. ప్రజల సొమ్ము తిన్నవాణ్ణి పందికొక్కు అని తిట్టినప్పుడు మనం ఎవరినీ అలంకారశాస్త్రం అడగం. ఆ తిట్టు వెనక గుల్లయిపోయిన గాదె ఉంది.

ఇక్కడ ఒక దొర సంగతి చెప్పాలి. వాల్టర్ ఇలియట్ పేరు మీలో చాలామంది విని ఉంటారు. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలను బయటికి తీయించినవాడు, ఇప్పుడవి లండన్‌లో ఉన్నాయి. ఆ పని కంటే ముందు ఆయన ధార్వాడ ప్రాంతంలో ఉద్యోగం చేశాడు. అక్కడి జంతువుల పట్టిక ఒకటి రాసి 1839లో మద్రాసు పత్రికలో అచ్చువేయించాడు. ఆ పట్టికలో ఎలుకల దగ్గరికి వచ్చేసరికి ఆయనకు సమాచారం ఇచ్చింది పండితులు కాదు, వడ్డెర్లు. చెరువులు తవ్వే, రాళ్ళు కొట్టే వడ్డెర్లు. వాళ్ళు ఈ పొలం ఎలుకలను పెద్ద సంఖ్యలో పట్టి తింటారని, పంట కాలంలో బొక్కలు తవ్వి అవి దాచిన గింజలు తీసుకుంటారని, అనుకూలమైన చోట ఆ కాలమంతా దాదాపు ఆ గింజల మీదే బతుకుతారని ఆయన నమోదు చేశాడు. ఒక్కో బొక్కలో ఒక్కోసారి అరసేరు గింజలు, నిండు జొన్న కంకులు కూడా దొరికేవట.

ఈ నాలుగు వాక్యాల సమాచారాన్ని నేను చాలాసార్లు చదివాను. వడ్డెర్లు ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెలుగుదేశానికి అవతల కూడా, ధార్వాడలోనూ పుణె వైపూ, వాళ్ళు ఆ భాషను వదలలేదు. కన్నడ దేశంలో కూర్చున్న ఇంగ్లీషు అధికారికి ఎలుకల తేడాలు తెలుగు మాట్లాడే కూలీల ద్వారా తెలిశాయి. ఏ ఎలుక బొక్క నిటారుగా పోతుంది, ఏది అడ్డంగా పోతుంది, ఏది గింజ దాస్తుంది, ఏది దాచదు అన్నది ఆకలి నేర్పిన విద్య. ఆ విద్యకు పేర్లు ఉన్నాయి. ఆ పేర్లు ధార్వాడ దాటి పోయి లండన్ చేరాయి. బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జాన్ ఎడ్వర్డ్ గ్రే 1837లో ఇలియట్ పంపిన ఎలుకల్లో ఒకదానికి ‘మస్ కోక్’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. పందికొక్కులోని మన కొక్కే అది. మరో ఎలుకకు ‘మెల్టాడా’ అనే పేరు వచ్చింది. వడ్డెర్లు దాన్ని పిలిచే ‘మెట్టాడ’ అన్న పేరు నుంచి తీసుకున్నది. ఆ పేరు జంతుశాస్త్రంలో ఇప్పటికీ చెలామణిలో ఉంది. 1873లో అదే గ్రే ఈ పెద్ద ఎలుకల కోసం ఒక ప్రజాతినే వేరుచేసి బ్యాండికోటా అన్నాడు. 1800లో బెక్‌స్టైన్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు పెట్టిన పెద్ద పందికొక్కు ఇప్పుడు బ్యాండికోటా ఇండికా. పొలాల్లో ఎక్కువగా కనిపించే చిన్నది బ్యాండికోటా బెంగాలెన్సిస్. రెండో పేరులో ఊరు బెంగాల్‌ది, ఇంటిపేరు తెలుగుది.

గ్రేకు, ఇలియట్‌కు జీవితచరిత్రలు ఉన్నాయి. బెక్‌స్టైన్‌కూ ఉంది. ఆ వడ్డెర్లలో ఒక్కరి పేరు కూడా మనకు మిగల్లేదు. బ్రౌన్ దొర దగ్గర పనిచేసిన జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య వంటి పండితులను మనం పేరుపెట్టి తలచుకోగలం. బొక్క తవ్వి ఎలుకను తీసి చూపించి, దాని పేరు చెప్పినవాణ్ణి తలచుకోలేం. నిఘంటువుల చరిత్రలో ఇంత పెద్ద అన్యాయం మరొకటి లేదని నా అభిప్రాయం. భాషకు సంపద తెచ్చినవాళ్ళలో చదువు రానివాళ్ళే ఎక్కువ.

ఇక ఆస్ట్రేలియా సంగతి. 1799 నాటికే జార్జి బాస్ అనే అన్వేషకుడి రాతల్లో అక్కడి జంతువుల ఎముకల ప్రస్తావన దగ్గర బ్యాండికూట్ అనే మాట కనిపిస్తుంది. అచ్చులో తొలి ఆధారం దొరికిన పదేళ్ళకే మాట సముద్రాలు దాటేసింది. నిజానికి ఆ జంతువుకూ మన పందికొక్కుకూ చుట్టరికం లేదు. అది ఎలుక జాతే కాదు. కంగారూ లాగా సంచి ఉన్న జంతువు. ఆ సంచి నోరు వెనక్కి ఉంటుంది, నేల తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. వాటిలో కొన్నింటికి గర్భధారణ కాలం 12 రోజుల పైచిలుకు మాత్రమే, క్షీరదాల్లో అతి తక్కువ కాలాల్లో అదొకటి. చూపుకు పొడుగు మూతి, బలిసిన ఒళ్ళు, నేల తవ్వే అలవాటు. అంతే, భారతదేశపు పేరు తెలిసిన ఇంగ్లీషువాడికి అది చాలు.

తర్వాత ఆ మాట అక్కడి నేలలో వేరూనింది. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బ్యాండికూట్ అన్నది క్రియగా కూడా మారింది. ఆలుగడ్డ మొక్క ఆకులు కదపకుండా, కింది గడ్డలను మాత్రం చేత్తో తవ్వి దొంగిలించడాన్ని వాళ్ళు అలా అంటారు. మన చేలో జరిగేదీ అదే కదా. దిక్కులేనివాణ్ణి, దీనుణ్ణి బ్యాండికూట్‌తో పోల్చే నానుడి కూడా అక్కడ ఉంది. ఇంకో విచిత్రం వినండి. ఆ జంతువుల్లో ఒకదానికి ముందుకాళ్ళ వేళ్ళు రెండు గిట్టల్లా ఉండేవి. దానికి ఇంగ్లీషులో ‘పందికాళ్ళ బ్యాండికూట్’ అని పేరు. పేరు పెట్టినవాళ్ళకు తెలియదు, ఆ పేరులో పంది రెండుసార్లు వచ్చిందని. ఆ జంతువు ఇప్పుడు భూమి మీద లేదు, అంతరించిపోయింది.

ఇక్కడ మనం గర్వపడి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ జంతువులు అక్కడ వేల ఏళ్ళుగా ఉన్నాయి, వాటికి అక్కడి ఆదివాసుల భాషల్లో పేర్లూ ఉన్నాయి. పడమటి ఆస్ట్రేలియాలో నూంగార్ ప్రజలు ఒకదాన్ని క్వెండా అంటారు. దాని చుట్టమైన బిల్బీకి ఆ పేరు వచ్చింది కూడా ఆస్ట్రేలియా ఆదివాసుల మరో భాష నుంచే. మన మాట ఇంగ్లీషువాడి ఓడ ఎక్కి అక్కడికి వెళ్ళి, ఆ పేర్లలో కొన్నింటిని పక్కకు నెట్టి కూర్చుంది. మన మాట ప్రయాణించిందని సంతోషిస్తున్నప్పుడు, మరొకరి మాట చోటు కోల్పోయిందని కూడా గుర్తుంచుకోవడం న్యాయం. ఇప్పుడు అక్కడ క్వెండా అనే పేరును తిరిగి వాడుకలోకి తెస్తున్నారు. అది మంచి పని. మనం ఆ పనిని అభినందించాలి.

మాటలకు లెక్క రాసేటప్పుడు మన వాటా తప్పిపోయిన సందర్భాలు కూడా కొన్ని ఉన్నాయి. యూల్, బర్నెల్ కలిసి చేసిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం 1886లో వచ్చింది. పందికొక్కును తెలుగు మాటేనని తేల్చి రాసినది అదే. దాని పక్కనే ‘బ్యాండికాయ్’ అనే మరో మాట ఉంది. దక్షిణాదిలో ఇంగ్లీషువాళ్ళు బెండకాయను అలా పిలిచేవారు. దాన్ని ఆ పదకోశం తమిళ వెండైక్కాయకు ముడిపెట్టింది. బకారంతో మొదలయ్యే బెండకాయ మనది ఉండగా వకారం దాకా ఎందుకు వెళ్ళడం? మద్రాసులో రెండు భాషలూ ఉన్నాయి, వంటమనిషి ఏ భాషవాడో మనకు తెలియదు. కానీ మన బెండకాయను కూడా అక్కడ పేర్కొని ఉండవలసింది. గోడౌన్ అనే మాట మరింత చిక్కు. మలయ భాషలోని గుడంగ్ నుంచి అది ఇంగ్లీషులోకి వచ్చిందని, మలయ మాట దక్షిణ భారతం నుంచి వెళ్ళి ఉంటుందని పండితులు అంటారు. తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగు రెండూ ఆ వరసలో నిలబడతాయి. దాన్ని పూర్తిగా మనదని నేను అనను. పందికొక్కు వంటి గట్టి ఆధారం అక్కడ లేదు.

మన ఊరి పేర్లే ఇంగ్లీషు మాటలైన కథ వేరే ఉంది, దాన్ని క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. సారపప్పుకు ఇంగ్లీషులో కడప బాదం అని ఒక పేరు. 1872లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రవేత్త మన రాళ్ళ మీద పెద్ద నివేదిక రాసి, కడప, కర్నూలు పేర్లనే ఆ శిలా సముదాయాలకు పెట్టాడు. నేటికీ మన దేశపు భూగర్భశాస్త్రం చదివితే ఆ రెండు పేర్లు వస్తాయి. 2005లో ప్రభుత్వం ఇంగ్లీషులో ఊరి వర్ణక్రమం మార్చింది, శాస్త్రవేత్తలు మాత్రం పాత వర్ణక్రమాన్నే రాస్తున్నారు.

ఇప్పుడు బ్రౌన్ దగ్గరికి వస్తాను. ఆయన 1798లో కలకత్తాలో పుట్టాడు, 1817లో మద్రాసు చేరాడు, 1820లో ఈ కడపకు ఉద్యోగిగా వచ్చాడు. ఇక్కడే బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి పని చేయించాడు. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. అందులో పందికొక్కు ఉంది. ఈ విషయం చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ఆ కాలపు పండితులకు నిఘంటువు అంటే కావ్యాల్లో వచ్చే పర్యాయపదాల పట్టిక. కూలివాడి నోటి మాటకు, రైతు ఇంటి మాటకు అందులో చోటు లేదు. బ్రౌన్ వాడుక మాటకు చోటిచ్చాడు. కచేరీల్లో అర్జీదారులు, కరణాలు వాడే మాటలకు జిల్లా నిఘంటువు అని ప్రత్యేకంగా ఒకటి చేశాడు. అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువు చేశాడు. ఏ మాటనూ ఇది మైలది అని బయట నిలబెట్టలేదు. గుంటూరు సీమలో 1832–33లో జనం చచ్చిపోతున్నప్పుడు పైఅధికారులు ధాన్యం కొరత వంటి మెత్తని మాటలు వాడుతుంటే, ఆయన కరువును కరువు అనే రాశాడు. ఆయన నిఘంటువులోనూ, ఆ రాతలోనూ కనిపించేది ఒకే గుణం. జనం దేన్ని ఏమంటారో దాన్ని అలాగే రాయడం.

ఆయన 1884లో లండన్‌లో కన్నుమూశాడు. రెండేళ్ళ తర్వాత వెలువడిన హాబ్సన్-జాబ్సన్‌లో ఆయన రాసిపెట్టిన వివరాలను వాడుకున్నారు. ఆయన ఉత్తరాలను వెతికి తెచ్చినవాడు మన పరిశోధకుడు బంగోరె. శిథిలమైన ఆయన బంగళా స్థలంలో గ్రంథాలయం నిలబెట్టడానికి ఇంటింటికీ తిరిగినవాడు జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు. 2006 నుంచి అక్కడి బ్రౌన్ కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. బ్రౌన్‌తో కలిపి ఈ ముగ్గురికీ మనం రుణపడి ఉన్నాం.

ఆ రుణం తీర్చడానికి ఒక పని నాకు కనిపిస్తోంది. 1950ల చివర భద్రిరాజు కృష్ణమూర్తి గారు జిల్లా జిల్లాకు మనుషులను పంపి, రైతుల నోట వ్యవసాయ పదాలను సేకరించారు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ దాన్ని మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటంగా అచ్చువేసింది. అప్పటికి ట్రాక్టరు కొత్త, బోరు లేదు. ఆ తర్వాత అరవై ఏళ్ళలో సీమ పొలంలో ఎంత మారిందో మీకు చెప్పనక్కర్లేదు. పాతర పోయింది, పాతర చుట్టూ ఉన్న మాటలూ పోయాయి. మోట పోయింది, మోట తొక్కే దారికి, తొండానికి, తాడుకు ఉన్న పేర్లు ముసలివాళ్ళ దగ్గర మాత్రమే మిగిలాయి. ఎలుకల సంగతే తీసుకోండి. ఇలియట్ కాలంలో వడ్డెర్లు ఒక్కో రకం ఎలుకకు ఒక్కో పేరు చెప్పగలిగారు. ఇప్పుడు మన వ్యవసాయ శాఖ కరపత్రంలో అన్నీ ఎలుకలే. పేరు పోతే తేడా చూసే కన్ను కూడా పోతుంది. బొక్క ఆకారాన్ని బట్టి ఏ ఎలుకో చెప్పగలిగిన మనిషి ఊరికి ఒకరిద్దరు కూడా మిగలడం లేదు.

విద్యార్థులారా, మీలో చాలామంది తాతలు, అవ్వలు చేలో పనిచేసినవాళ్ళే. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ పక్కన కూర్చోండి. ఎలుకకు, బొక్కకు, బుట్టకు, గట్టుకు, మన్ను రకానికి, గాలికి, వానకు వాళ్ళు ఏమంటారో అడిగి, అన్నది అన్నట్టే రాసుకోండి. పుస్తకభాషలోకి దిద్దకండి. వడ్డెర వాడకు, యానాది గుడిసెకు, సుగాలీ తండాకు కూడా వెళ్ళండి. చెప్పిన మనిషి ఒప్పుకుంటే ఆ మనిషి పేరు, ఊరు, వయసు మాట పక్కన తప్పకుండా రాయండి. ఇలియట్ చేయనిది, గ్రే చేయనిది అదే. అలా పోగైన పదాలను ఈ బ్రౌన్ కేంద్రం కడప, కర్నూలు, నంద్యాల, అన్నమయ్య జిల్లాల వారీగా అచ్చువేయాలని, విశ్వవిద్యాలయ తెలుగు శాఖ దీన్ని ఎం.ఎ. విద్యార్థులకు పాఠ్యాంశంగానే పెట్టాలని ఈ వేదిక మీది పెద్దలను వేడుకుంటున్నాను. పదాలు తెచ్చే పనిలో నేనూ మీ వెంట ఉంటాను. మొదటి పుస్తకం ఎలుకల మీదే కానివ్వండి.